మజ్జిగ కుండ పైన గోపీచంద్

పర్లాకిమిడి బస్టాండు ఎదురుగా మా చిన్నమామయ్యకు కూల్‌డ్రింకుల దుకాణం ఉండేది. పేరుకే దుకాణం. ఒక రేకుల షెడ్డు, రెండు బల్లలు, గోలీసోడాల పెట్టె, మూలన మట్టికుండలో మజ్జిగ, వీటన్నిటికీ పెద్దదిక్కులా కంపెనీ వాళ్లు ఇచ్చిన ఎర్ర ఫ్రిజ్. ఆ ఫ్రిజ్ తలుపు మీద, కంపెనీ పేరును సగం కప్పేస్తూ, పేపరు నుంచి కత్తిరించిన బొమ్మ ఒకటి అతికించి ఉండేది. కప్పు పట్టుకున్న షటిల్ ఆటగాడు పుల్లెల గోపీచంద్. 2001 మార్చిలో అతికించాడు మామయ్య.

గుణుపురం బస్సు కోసమో బరంపురం బస్సు కోసమో ఆగి సోడా తాగేవాళ్లు ఆ బొమ్మ చూసి "తుమ భాయి కి?" అని అడిగేవారు. మీ తమ్ముడా అని. మామయ్య ఏమాత్రం తడుముకోకుండా "హఁ, సాన భాయి" అనేవాడు. తమ్ముడే అని! ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టి హైదరాబాదులో పెరిగినవాడు ఒడిశాలో సోడాలు అమ్ముకునే మనిషికి తమ్ముడు ఎలా అవుతాడని నేను ఒకసారి నిలదీశాను. "మోకాలి చుట్టరికం" అన్నాడు. ఆ మాట నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది.

మా ఊరి సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. పర్లాకిమిడి గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రతనయ మీద వంతెన దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మేం ఇవతల ఉండిపోయాం, మేనత్తలూ పెద్దమ్మలూ అవతల ఉండిపోయారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ పేరు చెప్పుకుని మురిసిపోతూనే బడిలో పరీక్షలు ఒడియాలో రాసేవాళ్లం. తెలుగు పత్రిక పొద్దున్నే బస్సెక్కి వంతెన దాటి వచ్చేది. బస్సు ఆలస్యమైతే అటువైపు ప్రపంచమే ఆలస్యమయ్యేది మాకు. మామయ్య దుకాణం బస్టాండు ఎదుట ఉండటం వల్ల ఊరందరికన్నా ముందు పేపరు ఆయన చేతిలో పడేది. ఆయన దాన్ని వెనకనుంచి, అంటే ఆటల పేజీ నుంచి, చదివేవాడు. మొదటి పేజీకి వచ్చేసరికి ఎవరో ఒకరు పట్టుకుపోయేవారు. అందుకే మా మామయ్యకు ముఖ్యమంత్రులు ఎప్పుడు మారారో సరిగా తెలిసేది కాదు.

కార్తీకం దాటిందంటే మా ఊళ్లో వీధివీధికీ ఒక షటిల్ కోర్టు మొలిచేది. ముగ్గుపిండితో గీతలు, రెండు వెదురు గుంజలు, పాత వల, ఎవరింటి కిటికీలోంచో లాగిన తీగకు వేలాడే రెండు బల్బులు. సంక్రాంతి వెళ్లి గాలి తిరిగేదాకా రోజూ రాత్రి ఎనిమిది, తొమ్మిది దాకా ఆడేవాళ్లం. షటిల్ బరువు అయిదు గ్రాములు, కాస్త అటూ ఇటూ. ఊదితే దారి తప్పుతుంది. కాబట్టి గాలి లేని రాత్రులే మాకు ఆడుకునే రాత్రులు. ఆడపిల్లలకు బ్యాట్ అందేది చివర్లో, అన్నయ్యలు అలసిపోయాక. మామయ్య వచ్చి గుంజ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్న రోజు మాత్రం ఆ వరస మారిపోయేది. "ముందు అమ్మాయిని ఆడనివ్వండి" అనేవాడు. అన్నయ్యలు సణిగేవారు కానీ ఆయన మాట కాదనేవారు కాదు, ఎందుకంటే ఈకల షటిల్ డబ్బా కొని తెచ్చేది ఆయనే.

ఈకల షటిల్ ఖరీదైన వస్తువు. పదహారు ఈకలు, అడుగున బెండు. గట్టిగా రెండు స్మాష్‌లు కొడితే ఒక ఈక విరుగుతుంది, ఒకటి విరిగితే మిగతా పదిహేనూ దండగ. ఆడేముందు ఆవిరి పడితే ఈకలు తొందరగా విరగవని మామయ్యకు ఎవరు చెప్పారో మరి, సాయంత్రం అమ్మ అన్నం వార్చే వేళకు డబ్బాతో వంటింట్లో ప్రత్యక్షమయ్యేవాడు. ఉడుకుతున్న గిన్నె మీద, మూత కాస్త పక్కకు జరిపి, షటిల్‌ను తలకిందులుగా పట్టుకుని గుండ్రంగా తిప్పేవాడు. "అన్నంలో బాతు ఈకలు పడితే ఈ రాత్రికి అదే కూర" అని అమ్మ కేకలు. తమ్ముడి మీద కేకలేస్తూనే ఎసరు ఇంకో గ్లాసు ఎక్కువ పోసేది, ఆవిరి బాగా రావాలని. ఈ చిట్కా మా ఇంట్లోనే పుట్టిందని చాలాకాలం నమ్మాను. పెద్ద ఆటగాళ్లూ షటిళ్లకు ఆవిరి పడతారని తర్వాతెప్పుడో తెలిసి కొంచెం నిరాశపడ్డాను కూడా.

నిజానికి మామయ్య ఆట షటిల్ కాదు, బాల్ బ్యాడ్మింటన్. పసుపుపచ్చ ఉన్ని బంతి, జట్టుకు అయిదుగురు, ఆరుబయట మట్టి కోర్టు. కోస్తా ఊళ్లలో ఒకప్పుడు ఆ ఆటకు ఉన్న మర్యాద ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. మచిలీపట్నానికి చెందిన జమ్మలమడక పిచ్చయ్యగారికి ఆ ఆటలోనే 1970లో అర్జున అవార్డు వచ్చింది. మామయ్య తన జట్టుతో చిన్నరైలెక్కి టెక్కలి దాకా, నౌపడ దాకా పోటీలకు వెళ్లేవాడట. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే ఆ రైలు అప్పట్లో నారోగేజి మీద నడిచేది. దిగి నాలుగడుగులు నడిచి మళ్లీ ఎక్కవచ్చని మావాళ్లు హాస్యమాడేవారు. అలాంటి ఒక పోటీలో వెనక్కి పరుగెత్తి బంతి కొట్టబోయి కాలు మెలిక పడింది. మోకాల్లో టప్‌మని చప్పుడు వినిపించిందని చెప్పేవాడు. ఒక ఆసుపత్రిలో సిమెంటు కట్టు వేసి నలభై రోజులు మంచాన పెట్టారు. కట్టు విప్పాక కాలు నిలిచింది కానీ పక్కకు తిరిగితే జారిపోయేది. ఆపరేషన్ చేయించాలంటే విశాఖ వెళ్లాలి. ఆటకోసం అంత ఖర్చా అన్నాడు తాతయ్య. అక్కడితో అయిపోయింది. ఇరవై నాలుగేళ్లకే మామయ్య స్టూలు మనిషి అయ్యాడు.

మోకాలి చుట్టరికం అంటే అది. 1994లో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా గోపీచంద్ మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్లు, మంచం, మళ్లీ నడక నేర్చుకోవడం. ఆ కాలుతోనే 1996 నుంచి 2000 దాకా వరసగా అయిదేళ్లు జాతీయ చాంపియన్ అయ్యాడు. పేపర్లో ఆ సంగతి చదివిన రోజు మామయ్య దుకాణం మూసేసి మా ఇంటికి వచ్చాడు. పంచె మోకాలిదాకా లాక్కుని, "అక్కా, ఇదే నరం. సరిగ్గా ఇదే" అని వేలు పెట్టి చూపించాడు. అది అదే లిగమెంటో కాదో చెప్పడానికి మామయ్య మోకాలికి ఎవరూ ఫోటో తీయలేదు. ఆయనకు ఆ అనుమానం రాలేదు. అమ్మకూ రాలేదు. ఆ రోజు నుంచి గోపీచంద్ ఎక్కడ ఆడినా మా మామయ్య కాలే ఆడుతున్నట్టు లెక్క. ఓడిన రోజు కుంటు కాస్త ఎక్కువగా కనిపించేది నాకు.

2001 మార్చి 11, ఆదివారం. ఆ తేదీ నాకు రెండు కారణాల వల్ల గుర్తు. ఒకటి, నా మెట్రిక్ పరీక్షల కాలం. రెండోది, ఆ రోజే కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు మొదలైంది. హర్భజన్ సింగ్ వరసగా పాంటింగ్, గిల్‌క్రిస్ట్, వార్న్‌లను పడగొట్టి హ్యాట్రిక్ చేసిన రోజు. మామయ్య దుకాణంలో చిన్న టీవీ చుట్టూ జనం, బస్సులు కూడా కదలడానికి తొందరపడని మధ్యాహ్నం. సోడాలు బాగా అమ్ముడుపోయాయి. మామయ్యకు మాత్రం ఆ సందడి పట్టలేదు. బర్మింగ్‌హామ్‌లో ఆ సాయంత్రం గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్ ఆడతాడని ఆయనకు పొద్దుటి పేపరు చెప్పింది. మా కేబుల్‌లో అది ఎక్కడా రాలేదు. అన్ని చానళ్లూ తిప్పి చూసి, చివరికి రిమోట్ పిల్లల చేతికిచ్చేశాడు. రాత్రి రేడియో పట్టుకుని కూర్చున్నా, గరగర తప్ప ఆయనకు కావలసిన కబురు చెవిన పడలేదట.

సోమవారం పొద్దున ప్రాంతీయ వార్తల్లో విన్నాడు. నేను అరుగు మీద భూగోళం వల్లెవేస్తున్నాను. వీధి మలుపు నుంచి నడిచి వస్తున్నాడు మామయ్య. ఆయన తొందరగా నడిస్తే ఎడమ భుజం ఎగిరెగిరి పడుతుంది. గుమ్మం ఎక్కకుండానే "కొట్టాడు" అన్నాడు. అమ్మ కంగారుపడి "ఎవరిని ఎవరు కొట్టారురా?" అంది. "చైనా వాణ్ణి, మనవాడు."

పత్రిక వచ్చాక లెక్కలన్నీ తెలిశాయి. సెమీఫైనల్లో అప్పటి ప్రపంచ నంబర్ వన్, డెన్మార్క్‌కు చెందిన పీటర్ గేడ్‌పై 17-14, 17-15. ఫైనల్లో చెన్ హాంగ్‌పై 15-12, 15-6. 1980లో ప్రకాశ్ పదుకొనే గెలిచాక ఇరవై ఒక్క ఏళ్లకు మళ్లీ ఒక భారతీయుడికి ఆ కప్పు. అందరూ ఫైనల్ గురించి మాట్లాడుకుంటే మామయ్య సెమీఫైనల్ పట్టుకుని వదలలేదు. అప్పటి లెక్క వేరు. సర్వీసు చేసేవాడికే పాయింటు. అవతలివాడి సర్వీసులో ర్యాలీ గెలిస్తే సర్వీసు మాత్రం దక్కుతుంది, స్కోరు కదలదు. పదిహేను కొడితే గేమ్. 14-14 అయితే ముందు పద్నాలుగుకు చేరినవాడు ఆటను పదిహేడు దాకా పొడిగించుకోవచ్చు. మామయ్య బల్ల మీద గోలీసోడా సీసాలు అటు పద్నాలుగు ఇటు పద్నాలుగు నిలబెట్టాడు. "ఇక్కడి నుంచి మూడు సీసాలు. ఒక్కటీ వాడికి ఇవ్వకుండా ఎత్తుకొచ్చాడు" అని మూడు సీసాలు ఇటు చేర్చాడు. "రెండో గేమ్‌లో ఒకటి ఇచ్చాడు. పోనీలే" అన్నాడు, తానే ఉదారంగా ఇచ్చినట్టు. చుట్టూ చేరిన వాళ్లకు దాహం వేసి ఆ సీసాలే కొనుక్కుని తాగారు.

2006లో ఆ పద్ధతి తీసేసి ప్రతి ర్యాలీకీ పాయింటు, 21కి గేమ్ అని మార్చారు. టీవీకి అదే బాగుంటుంది, కాదనను. కానీ పాత ఆటలో ఓడిపోతున్నవాడికి నిలబడే జాగా ఉండేది. సర్వీసు లాక్కుంటూ, స్కోరు కదలనివ్వకుండా, ఎదుటివాడి ఊపిరి అయిపోయేదాకా లాగవచ్చు. దెబ్బతిన్న మోకాలితో ఆడినవాడికి ఆ పాత లెక్క మేలు చేసిందా కీడు చేసిందా అని నేనూ మామయ్యా చాలాసార్లు వాదించుకున్నాం. ఎక్కువసేపు నిలబడాలి కాబట్టి కీడే అని నేను. "నిలబడటం నొప్పి కాదు, కూర్చోవడమే" అని ఆయన.

ఆ వారమంతా ఊళ్లో క్రికెట్టే. గురువారానికి లక్ష్మణ్ 281 పరుగులు, ఫాలోఆన్ ఆడిన జట్టు గెలవడం, అదంతా చరిత్ర. ఆదివారం ఒక హైదరాబాదు కుర్రవాడు, గురువారం మరో హైదరాబాదు కుర్రవాడు. రెండో గొడవలో మొదటివాడు కాస్త మరుగున పడ్డాడు. సోమవారం నాటి బొమ్మను ఫ్రిజ్ మీద అతికించింది అందుకేనేమో. నాలుగు రోజుల్లో పేపరు పొట్లాలైపోతుంది కదా.

కంపెనీ తరఫున సీసాలు దింపడానికి వచ్చే కుర్రవాడికి ఆ బొమ్మ నచ్చలేదు. ఫ్రిజ్ తమదని, దాని మీద తమ పేరే కనిపించాలని అన్నాడు. మామయ్య విన్నట్టే విని సీసాలు లెక్కపెట్టుకున్నాడు. ఇది ఎంతకాలం సాగేదో తెలియదు కానీ, పేపర్లో ఇంకో వార్త వచ్చింది. శీతల పానీయం ప్రకటనలో కనిపించమని అడిగితే గోపీచంద్ ఒప్పుకోలేదట. తాను తాగని దాన్ని, ఒంటికి మంచిది కాదని తాను నమ్మేదాన్ని, పిల్లలకు తాగమని ఎలా చెప్పగలనన్నాడట.

కుర్రవాడికి పండగైంది. "మీ తమ్ముడు మా సరుకు వద్దన్నాడటగా?" అన్నాడు. దుకాణంలో ఉన్న నలుగురూ నవ్వారు. మామయ్య నవ్వలేదు, కోప్పడలేదు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు గోరుతో అంచులు గీకి, చిరగకుండా బొమ్మను ఊడదీశాడు. అడుగున ఒక అట్టముక్క పెట్టి, మజ్జిగ కుండ పైన గోడకు మేకు కొట్టి తగిలించాడు. కూల్‌డ్రింకులు అమ్మడం మానేశాడని రాస్తే ఈ కథ అందంగా ఉంటుంది. మానలేదు. ఇద్దరు పిల్లల ఫీజులు ఆ ఎర్ర ఫ్రిజ్‌లోంచే వచ్చాయి. కాకపోతే చిన్నపిల్లలు వచ్చి సీసా అడిగితే "మజ్జిగ తాగరా, నిమ్మాకు వేశాను" అని ఒకసారి అనేవాడు. వాళ్లు వద్దంటే సీసానే ఇచ్చేవాడు.

తర్వాత నేను చదువు పేరుతో ఊరు దాటాను. ఎంసెట్ రాస్తే నది అవతలి పెద్దమ్మ కూతురు స్థానికురాలు, నేను కాదు. ఇద్దరం ఒకే ఇంటి పెళ్లిళ్లకు ఒకే రంగు పరికిణీలు కట్టుకున్నవాళ్లమే. సీటు రాక ఏడుస్తుంటే మామయ్య, గోపీచంద్ కూడా ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష తప్పాడని, చదువులో నెగ్గిన అన్న ఐఐటీకి వెళితే నెగ్గని ఈయన ఆటలో మిగిలాడని చెప్పాడు. ఓదార్పుగా బాగానే ఉంది కానీ నాకు ఆటా రాదు కదా అన్నాను. "నిజమే" అన్నాడు. ఆయన అబద్ధపు ఓదార్పులు చెప్పే మనిషి కాదు. బరంపురంలో డిగ్రీలో చేరాను.

గోపీచంద్‌కు అంత పెద్ద టైటిల్ మళ్లీ రాలేదు. ఒక్కటేగా గెలిచింది అని నా స్నేహితురాలు ఒకసారి తేలిగ్గా అంటే, మామయ్య మాటలు అప్పజెప్పబోయి ఆగిపోయాను. నిజంగా ఒక్కటే. ఆటగాడిగా ప్రకాశ్ పదుకొనేనే పెద్దవాడని ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలు ఇచ్చినా బ్యాడ్మింటన్ అకాడమీ కట్టడానికి డబ్బు చాలక గోపీచంద్ సొంత ఇల్లు తాకట్టు పెట్టాడని చదివినప్పుడు, మా ఇంట్లో దాని గురించి ఎవరూ వాదించలేదు. తాకట్టు మాకు బాగా తెలిసిన మాట. అత్తయ్య గాజులు రెండుసార్లు వెళ్లి వచ్చాయి. 2008లో ఆ అకాడమీ తెరుచుకుంది. తెల్లవారుజామున నాలుగున్నరకే అక్కడ ఆట మొదలవుతుందని విని, మామయ్య కూడా దుకాణం అయిదింటికే తెరవడం మొదలుపెట్టాడు. ఆ వేళకు సోడా ఎవరు తాగుతారని అత్తయ్య అడిగితే జవాబు లేదు. వారం రోజుల్లో మానేశాడు.

2012లో లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం. ఆ తర్వాత రియో. 2016 ఆగస్టు 19, శుక్రవారం, పి.వి. సింధు ఫైనల్. ఆ వేళకు నేను ఊళ్లోనే ఉన్నాను, రాఖీ సెలవులకు వచ్చి. పదిహేనేళ్ల క్రితం రిమోట్ పట్టుకుని వెతికినా దొరకని ఆట, ఆ రోజు ఏ దుకాణంలో చూసినా అదే. బస్టాండు మొత్తం మామయ్య టీవీ ముందే ఉంది. ఒడియా, తెలుగు, కొండల నుంచి సంతకు వచ్చి బస్సు తప్పిన సవర కుటుంబం ఒకటి. గోపీచంద్ బర్మింగ్‌హామ్‌లో గెలిచిన నాటికి సింధుకు ఇంకా ఆరేళ్లు నిండలేదు. ఇప్పుడు ఆమె కోర్టులో, ఆమె కోచ్‌గా ఆయన వెనక కుర్చీలో.

అందరూ సింధును చూస్తున్నారు. మామయ్య కుర్చీని చూస్తున్నాడు. కెమెరా అటు తిరిగినప్పుడల్లా "అదిగో, కూర్చున్నాడు" అంటాడు. కోర్టు పక్కన స్టూలు వేసుకుని కూర్చునే పనిలో ఎంత కష్టముందో ఆ దుకాణంలో ఆయన ఒక్కడికే తెలుసు. మొదటి గేమ్ సింధుదే, 21-19. గోల చేశాం. తర్వాత స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ పట్టు బిగించింది. 12-21, 15-21. ఆట ముగిశాక మారిన్ నేల మీద పడి ఏడుస్తుంటే సింధు అటు వెళ్లి ఆమెను లేపి కౌగిలించుకుంది. కింద పడి ఉన్న మారిన్ బ్యాట్‌ను తీసి పక్కన పెట్టింది. "పెంపకం" అన్నాడు మామయ్య. అమ్మానాన్నల పెంపకమా, కుర్చీలో ఉన్నవాడి పెంపకమా అని నేను అడగలేదు.

మర్నాటి వార్తల్లో మరో సంగతి. మూడు నెలలుగా సింధు దగ్గర ఫోను లేదని, గోపీచంద్ తీసేసుకున్నాడని, రియో వెళ్లాక ఆమెకు ఇష్టమైన తియ్యని పెరుగు, ఐస్‌క్రీమ్ కూడా తిననివ్వలేదని. ఇక ఫోను ఇచ్చేస్తాను, ఐస్‌క్రీమ్ తిననిస్తాను అని ఆయనే చెప్పాడు. ఇరవై ఒక్క ఏళ్ల పిల్లకు ఫోను లేకుండా చేయడం నాకు అంత గొప్పగా తోచలేదు, ఆ మాటే అన్నాను. మామయ్య వినడం లేదు. పేపరు మడిచి కుండ పక్కన పెట్టి, ఫ్రిజ్ తలుపు తీశాడు. కింది అరలోంచి ఒక వెనిలా కప్పు తీశాడు. చెక్క చెంచా గుచ్చి, గోడ మీద రంగు వెలిసిపోయిన బొమ్మ కింద, మజ్జిగ కుండ మూత మీద పెట్టాడు. కాసేపు అలా ఉంచి, అంచులు కరగడం మొదలవగానే తీసుకుని స్టూలు మీద కూర్చుని తినడం మొదలుపెట్టాడు.

ఆయనకు షుగరు వచ్చి అప్పటికి ఆరేళ్లు. నేను అలా చూస్తుంటే చెంచా ఎత్తి చూపించాడు.

"మీ అత్తయ్యకు చెప్పకు."